లేని గంట

నన్ను ఎరిగినవాళ్ళంతా ఒక్క మాట మీద ఉంటారు, వీడికి నోరు మూసుకోవడం చేతకాదని. బస్సులో పక్కన కూర్చున్న మనిషిది ఏ ఊరు, ఈ ఏడు రాగులు ఎన్ని మూటలయ్యాయి, అల్లుడు మంచివాడా కాదా, ఇవన్నీ బేతమంగళ దాటేలోపల నాకు తెలిసిపోవాలి. లేకపోతే ఆ ప్రయాణం దండగైనట్టే. చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చిన మా తాత వట్టి చేతులతో వచ్చాడనీ, వెంట తెచ్చుకున్నది ఈ నోరొక్కటేననీ మా అమ్మ అనేది. అలాంటివాణ్ణి ఏరి కోరి తీసుకుపోయి, గోడ మీద ఎర్ర అక్షరాలతో 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉన్న గదిలో కూర్చోబెట్టారు.

అది కోలార్ బంగారు గనుల్లో ఒక షాఫ్టు పక్కనున్న ఇంజన్ గది. షాఫ్టు అంటే భూమిలోకి నిలువుగా దింపిన బావి. అందులో పనివాళ్ళను దించడానికీ ఎత్తడానికీ కేజ్ అని ఒక ఇనుప పెట్టె ఉంటుంది. ఆ పెట్టెకు కట్టిన ఉక్కు తాడు పైకి వచ్చి, ఎత్తైన చక్రం మీదుగా మా గదిలోని పెద్ద డ్రమ్ముకు చుట్టుకుంటుంది. ఆ డ్రమ్మును తిప్పేవాడు, నిలిపేవాడు వైండింగ్ డ్రైవరు. గనులు దొరల చేతి నుంచి సర్కారు చేతికి వచ్చి, పాత డ్రైవర్లు ఒక్కొక్కరే రిటైరవుతున్న కాలంలో నేను ఆ కుర్చీ ఎక్కాను. అంతకుముందు పన్నెండేళ్ళు ఇంజన్లకు నూనె పోశాను. పరీక్ష రాసి, కళ్ళూ చెవులూ డాక్టరుకు చూపించుకుని, మొదటిరోజు పని ముగించుకుని ఇంటికి వచ్చిన నా నడక చూసి మా ఆవిడ దిష్టి తీసింది.

ఆ కుర్చీలో ఒక వింత ఉంది. అక్కడి నుంచి కేజ్ కనబడదు, అందులోని మనుషులూ కనబడరు. ఎదురుగా గడియారంలాంటి పెద్ద డయలు ఉంటుంది. కేజ్ ఏ లోతులో ఉందో దాని ముల్లు చెబుతుంది. ఎడమ చేతి కింద బ్రేకు, కుడి చేతి కింద హ్యాండిలు, తలకు పక్కగా గంట. షాఫ్టు పొడవునా వేలాడే తాడును కింద నుంచి గానీ, కేజ్‌లో నుంచి గానీ లాగితే ఆ గంట మోగుతుంది. మూడు కొడితే మనుషులు ఎక్కారని. కేజ్ కదులుతుండగా ఒక్కటి కొడితే అక్కడికక్కడ నిలపాలి, ఎందుకని అడగకూడదు. ఎనిమిది గంటలసేపు గంట ఒక్కటే మాట్లాడుతుంది, నేను చేతులతో బదులిస్తాను. పేగు తెగేంత కబురు నోట్లో ఉన్నా మింగాల్సిందే.

మొదట్లో ఆ ఎనిమిది గంటల మాటలన్నీ మూట కట్టుకుని వచ్చి ఇంట్లో కుమ్మరించేవాణ్ణి. రానురాను మూట చిన్నదయింది. మూడో ఏటికి నాకే తెలియకుండా ఒక అలవాటు పట్టుకుంది. అన్నం వడ్డిస్తుంటే 'చాలు' అనకుండా కంచం మీద వేలితో ఒకసారి కొట్టేవాణ్ణి. ఇంకొంచెం కావాలంటే రెండుసార్లు. మా ఆవిడది క్యాసంబళ్ళి, పట్టుపురుగులు పెంచే ఇల్లు. నోరులేని జీవాలకు ఏం కావాలో కనిపెట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే గనుక కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకనాడు మాత్రం నేను రెండుసార్లు కొట్టగానే సంగటి ముద్ద చేతిలో పట్టుకునే నిలబడిపోయింది.

"ఇదో, మా నాయన నన్ను మనిషికి ఇచ్చినాడా, గంటకు ఇచ్చినాడా?"

"ఆకలిగా ఉండాది. పెట్టు."

"చూడు, నోటితోనే వచ్చె గదా ఆ మాట. ఇంగోసారి కంచం కొట్టితే కంచమే తిను."

అది మొదలు కాలనీలో నాకు ఎగతాళి తప్పలేదు. గుడిలో ఎవరో వరసగా మూడుసార్లు గంట కొడితే నా చేయి దానంతటదే ముందుకు పోయి, ఎదుటి ముసలాయన చంకలోని గొడుగు పిడి పట్టుకుని లాగేసింది. ఆయన దేవుణ్ణి వదిలేసి నా వైపు తిరిగాడు. ముళబాగిలు బస్సులో కండక్టరు ఒక్క గంట కొడితే నా ఎడమ చేయి బ్రేకు పట్టినట్టు బిగుసుకునేది. ఇవన్నీ నేనే అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి. నవ్వులాట కానిది ఒక చలికాలంలో మొదలైంది.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ముగిసింది. గంట మూడుసార్లు మోగింది, మనుషులు ఎక్కారు. ఎత్తుతున్నాను. డయలు ముల్లు సగం దాటుతుండగా టంగుమని ఒక్క గంట మోగింది. నిలిపాను. నిలపమన్నవాళ్ళు మళ్ళీ కొట్టాలి కదా, చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి ఫోను మోగింది. షాఫ్టు నోటి దగ్గర నిలబడి మనుషులను ఎక్కించి దించే బ్యాంక్స్‌మన్ మాట్లాడుతున్నాడు.

"ఏమన్నా, ఎందుకు నిలిపినావు?"

నా దగ్గర మోగే ప్రతి గంటా ఆయన దగ్గర కూడా మోగుతుంది. ఆయన వినలేదంటే అది మోగలేదు. మోగని గంట నాకు వినబడింది. నలభై మంది చీకటి బావి నడిమధ్యలో నా తాడుకు వేలాడుతున్నారు.

"బ్రేకు మీద అనుమానంగా ఉండాది. చూస్తాండాను" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మెల్లగా ఎత్తి, వాళ్ళను దించి, కేజ్‌ను దారిలో ఎందుకు నిలిపామో రాయాల్సిన పుస్తకంలో 'బ్రేకు అనుమానం' అని రాశాను. దాంతో ఫిట్టరు వచ్చాడు. తన చేతిపని మీద మహా గర్వం ఉన్న మనిషి. మూడు గంటలసేపు బ్రేకునంతా విప్పి పరిచి, ప్రతి ముక్కనూ తుడిచి, ఏ తప్పూ దొరక్క, ఏమీ దొరకలేదని చెప్పడానికి మనసొప్పక చివరికి ఒక బోల్టు చూపించాడు.

"పట్టుకొంటిని చూడప్పా దొంగను. ఇది వదులైండాది. ఇంగ జన్మలో నిలవదు."

బోల్టు నిక్షేపంగా ఉంది. నేను ఆయన పనితనాన్ని తెగ మెచ్చుకున్నాను. ఆయన అబద్ధమూ నా అబద్ధమూ కలిసి టీ తాగాయి. పది రోజులకు మళ్ళీ అదే జాగాలో నాకు గంట వినబడింది, మళ్ళీ నిలిపాను, మళ్ళీ బ్రేకు అనే రాశాను. ఫిట్టరు వచ్చి నా ముఖం చూశాడు. ఆయన బ్రేకును నేను నలుగురిలో రెండుసార్లు అవమానించినట్టయింది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఎదురైతే పక్కకు తిరిగి పోయేవాడు.

అప్పటి నా భయం ఏమిటో దాచకుండా చెబుతాను. లేని గంట వినబడే చెవికి ఏదో ఒకరోజు ఉన్న గంట వినబడకపోతే? కింద ఎవరో ప్రాణాల మీదికి వచ్చి తాడు లాగుతారు, నేను ఎత్తుతూనే ఉంటాను. ఈ సంగతి పైవాళ్ళకు చెబితే కుర్చీ పోతుంది, మళ్ళీ నూనె డబ్బా పట్టుకోవాలి. చెప్పకపోతే నలభై మందిని మోసం చేస్తున్నట్టు. పొద్దున లేచేసరికి దవడలు నొప్పెట్టేవి. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాణ్ణి. ఒకనాడు పాలాయన వాకిట్లో సైకిలు గంట కొట్టాడని బయటికి ఉరికి, ఆ గంటను ఊడబీకి వీధిలోకి విసిరికొట్టాను. పాపం ఆయన నాలుగేళ్ళుగా అదే గంట కొడుతున్నాడు. మా ఆవిడ ఆయనకు కొత్త గంట కొనిచ్చి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా కూర్చుంది.

"ఏమి మింగినావు? కక్కు."

అంతా చెప్పాను. ఆమె బుగ్గన చేయి పెట్టుకుని చివరిదాకా విన్నది. ధైర్యం చెబుతుందనుకున్నాను. ఆమె చెప్పలేదు.

"నాకు చెప్తే నేనేమి చేస్తాను? నాకు పురుగులు తెలుసు, గంటలు తెలీవు. నీకు పని నేర్పించిన పెద్దాయన ఉండాడు గదా, ఆయప్ప దగ్గిరికి పో. ఈ పొద్దే పో. లేదంటే రేపు ఆ పాలాయన్నే కొడతావు నువ్వు."

పెద్దాయన మా షాఫ్టులోనే ఇంకో షిఫ్టు డ్రైవరు. దొరల కాలం నుంచీ ఆ కుర్చీలో ఉన్నవాడు. నేను పోయేసరికి వాకిట్లో పగిలిన డబ్బాల్లో వేసిన చామంతులకు నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు పోస్తూనే విన్నాడు. నేను ముగించాక చెంబు కింద పెట్టి ఒకే ఒక మాట అడిగాడు.

"నువ్వు కేజ్ ఎక్కి ఎన్నాళ్ళయింది?"

ఆలోచిస్తే నవ్వొచ్చింది. డ్రైవరు కాకముందు రెండుసార్లు దిగానేమో. కుర్చీ ఎక్కాక ఒక్కసారి కూడా లేదు.

"అట్లయితే నువ్వు ఎవురిని మోస్తాండావో నీకు తెలీదు. ఎవురో తెలీనివాళ్ళను మోస్తే బరువెక్కువప్పా. రేపు నీ షిఫ్టులో నేను కూర్చుంటాను. కింద గంట తాళ్ళు సరిగ్గా ఉండాయో లేదో చూసొస్తానని ఇంజనీరును అడిగి నువ్వు దిగు. పొద్దున వాళ్ళతో దిగి, మద్దేనం వాళ్ళతోనే ఎక్కు."

మరునాడు పొద్దున ఇంజనీరు సరేనన్నాక టోపీ పెట్టుకుని, దానికి దీపం తగిలించుకుని కేజ్ ముందు వరసలో నిలబడ్డాను. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. మా కాలనీవాళ్ళు వేరే షాఫ్టులో పని చేసేవాళ్ళు. ఈ షాఫ్టువాళ్ళకు డ్రైవరంటే చెయ్యే గాని ముఖం లేదు. నన్ను వెనక మూలకు నెట్టి, నా మీద ఇంకో ఇద్దరిని కుక్కి, గేటు వేశారు. కొబ్బరినూనె వాసన, తమలపాకు వాసన, ఎవరి క్యారియరులో నుంచో చింతకాయ పచ్చడి ఘాటు. నలభై మంది ఊపిరి బిగపట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటూ దిగుతారని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఒక్కడు కూడా తలుచుకోలేదు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, తెలుగు, తమిళం, కన్నడం, ఏది నోటికొస్తే అది. నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

గంట మూడుసార్లు కొట్టారు. కేజ్ చిన్నగా కుదిపి కదిలింది.

"ఈ పొద్దు ఆయప్ప రాలేదు" అన్నాడు నా ముందున్న డ్రిల్లు పనివాడు.

"ఎట్ల తెలిసె నీకు?" అన్నాను నేను.

"పనికి కొత్తనా? ఆయప్ప అయితే కదిలినట్టే తెలీదు గదా. ఉయ్యాల్లో నుంచి బిడ్డను ఎత్తుకున్నట్ల ఉంటాది ఆయన చెయ్యి. ఈ ముసలాయన రాగుల మూట దించినట్ల దించుతాడు."

నాకు పని నేర్పిన గురువును అలా అన్నందుకు కోపం రావాలి. నిజం చెబితే, చెవులు చాటలంత చేసుకుని ఇంకేమంటాడా అని విన్నాను.

"అయితే ఆయప్ప నడిమధ్యలో నిలుపుతాడు" అన్నారెవరో. కేజంతా నవ్వింది.

"నిలిపితే నీకేమి కష్టం?" అన్నాడు ఇంకొకాయన. "మొన్న నిలిపినాడు గనకే నా కూతురి పెండ్లి కుదిరె. పిలగాని మేనమామ నన్ను చూస్తే తప్పించుకోని తిరగతా ఉండె. ఆ పొద్దు నా పక్కనే ఉండాడు, కేజ్ నిలిచిపాయె. ఇంగ యాడికి పోతాడు? సరే అనేదాకా వదల్లేదు."

ఆ మేనమామ ఈ ట్రిప్పులో కూడా ఉన్నాడు. "ఆ డ్రైవరును పెండ్లికి పిలవకుంటే నేను రాను" అన్నాడు.

నేను దిగులుతో చచ్చిపోతున్న ఆ నిమిషాల్లో వీళ్ళు పెళ్ళి కుదుర్చుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను, అందరికంటే గట్టిగా.

కింద వేడికి చొక్కా పదినిమిషాల్లో ఒంటికి అతుక్కుపోయింది. చెప్పిన అబద్ధం నిజం చేయాలి గనుక ప్రతి లెవెల్లోనూ, అంటే లోతులో కేజ్ ఆగే ప్రతి చోటా, గంట తాడు లాగి చూశాను, ముడులు చూశాను. మిగతా పొద్దంతా నోటికి పని చెప్పాను. గంట చూడటానికి పైనుంచి వచ్చినవాణ్ణని చెబితే నమ్మారు. ఎవరి చేలో బోరు పడిందో, ఎవరి మామిడికి పూత నిలిచిందో, ఎవరి పెద్దోడు డ్రాయింగు బాగా వేస్తాడో అన్నీ అడిగి తెలుసుకున్నాను. అన్నం వేళ నా క్యారియరులోని చారు వాళ్ళకు పోయింది, వాళ్ళ పచ్చడి నాకు వచ్చింది. డయలు ముల్లులో ఏళ్ళ తరబడి చూసిన బరువుకు ఒకరొకరుగా ముఖాలు దొరికాయి. చాలా కాలం తర్వాత నా దవడలు నొప్పి పెట్టలేదన్న సంగతి మధ్యాహ్నానికి గమనించాను.

అయితే సంతోషం ఎంతసేపో నిలవలేదు. పైకి ఎక్కేవేళ అయ్యేకొద్దీ ఒకటే ఆలోచన పట్టుకుంది. వాళ్ళు ఇంత నమ్మిన చేతి వెనక చెడిపోయిన చెవి ఉంది. ముఖాలు తెలియనప్పుడు దాచడం ఒక ఎత్తు, పచ్చడి పంచుకుని తిన్నాక దాచడం ఇంకో ఎత్తు. రెండింటికి కేజ్ ఎక్కాం. గంట తాడు పట్టుకునే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు ప్రతి ట్రిప్పులోనూ, నెరిసిన మీసాలాయన. మూడు కొట్టాడు. కేజ్ లేచింది. సగం దూరం వచ్చేదాకా నోరు పెగల్లేదు. నాలాంటివాడికి నోరు పెగలకపోవడం!

"మధ్యలో నిలిపే డ్రైవరును నేనే" అన్నాను.

దీపాలన్నీ నా వైపు తిరిగాయి, నాకు ఎవరి ముఖమూ కనబడలేదు.

"బ్రేకు బాగానే ఉండాది. నాకు గంట వినపడె, అందుకే నిలిపినాను. గంట ఎవురూ కొట్టలేదు. నాకొక్కనికే వినపడె. రెండుసార్లు అట్లయింది. దాచిపెట్టినాను."

మీసాలాయన గొంతు, ఏ హడావిడీ లేకుండా, వినబడింది.

"మాకు తెలుసు గదప్పా."

"ఎట్ల తెలుసు?"

"తాడు నా చేతిలో ఉండాది. నేను లాగినానో లేదో నాకు తెలీదా?"

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఇంజనీరు దగ్గర, ఫిట్టరు దగ్గర, బ్యాంక్స్‌మన్ దగ్గర నేను దాచి దాచి చచ్చాను. అసలు దాచడానికి వీల్లేనివాళ్ళు ఈ నలభై మందే, ఎందుకంటే కొట్టాల్సినవాళ్ళు వాళ్ళే.

"తెలిసి ఎవురికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నిన్ను తీసి ఇంకొకన్ని పెడతారు. వాడు ఎట్లాంటోడో ఎవురికి తెలుసు? కొట్టని గంటకు నిలిపినావు నువ్వు. దాంతో మాకేమి పోయె, పది నిమిషాలు. కొట్టిన గంటకు నిలపనోడు వస్తే మేము పోతాము."

నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్ళూ దేన్ని చూసి నేను పనికిరానివాణ్ణని అనుకున్నానో, దాన్ని చూసే వాళ్ళు నన్ను నమ్మారు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు, మా ఆవిడ వింటే విననీ.

"ఏడ్చేది పైన ఏడువన్నా" అన్నాడు డ్రిల్లు పనివాడు. "యీడ నీళ్ళు ఎక్కువైతే ఇంగో పంపు పెట్టాల."

నవ్వులు తగ్గాక మీసాలాయన మళ్ళీ అందుకున్నాడు. "అయితే ఒకటప్పా. మేము చెప్పలేదు, సరే. నువ్వు చెప్పాల. దీన్ని నెత్తిన పెట్టుకోని ఇంగ మమ్మల్ని మోయొద్దు. పా, ఇంజనీరు దగ్గిరికి. మేమూ వస్తాము."

పైకి రాగానే దుమ్ము కూడా కడుక్కోకుండా నలభై మందీ నా వెనక నడిచారు. అంతమంది ఒకేసారి ఆఫీసు ముందుకు రావడం చూసి, సమ్మె అనుకుని ఇంజనీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కన్నడం మాట్లాడే మనిషి, మంచివాడే గాని తొందరెక్కువ. నేను మొత్తం చెప్పాను, పుస్తకంలో రాసిన అబద్ధంతో సహా. ఆయన ముఖం ఎర్రబడింది. అబద్ధం రాసినందుకు తిట్టాడు, తిట్టాల్సిందే. తర్వాత మీసాలాయన వైపు తిరిగి, ఈ మనిషి నడిపితే మీరు ఎక్కుతారా అని అడిగాడు.

"ఆయనకు రెస్టు ఇచ్చినాక ఎక్కుతాము సార్. ఇయ్యకుండా కూర్చోబెడితే ఎక్కము."

డాక్టరు చెవులు చూశాడు, గుండె చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. ఆఖరుసారి సెలవు ఎప్పుడు పెట్టావని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. నా పెళ్ళికా, చెల్లెలి పెళ్ళికా అని నేను లెక్క వేస్తుంటే, ఇక చాల్లే అని మూడు వారాలు రాసిచ్చాడు. ఎనిమిది గంటలు ఊపిరి బిగబట్టి కూర్చునే మనిషి అలసిపోతే ఆ అలుపును కాళ్ళు చెప్పవనీ, ఇలాగే చెవో కన్నో చెబుతుందనీ అన్నాడు. అంత మామూలుగా అన్నాడు, జలుబు గురించి అన్నట్టు. అది విన్నాకే నాకు పిచ్చి పట్టడం లేదని నమ్మకం కుదిరింది. ఇంజనీరు పుస్తకం తెప్పించి, బ్రేకు అన్న రెండు జాగాల్లోనూ కొట్టి వేయించి, కారణం దగ్గర ఏం రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి 'గంట వినబడింది, కొట్టలేదు' అని ఇంగ్లీషులో రాశాడు. ఫిట్టరు ఆ పేజీని స్వయంగా వచ్చి చదివించుకుని, నన్ను కౌగిలించుకున్నాడు. తన బ్రేకు మంచిదని తనకు ముందే తెలుసన్నాడు. బోల్టు మాట మేమిద్దరం ఎత్తలేదు.

మూడు వారాలూ క్యాసంబళ్ళిలో అత్తగారింట్లో ఉన్నాం. పొద్దున్నే మల్బరీ ఆకు కోసుకొచ్చి తట్టల్లో పరిస్తే పురుగులు తినే చప్పుడు సన్నటి వాన పడుతున్నట్టు ఉండేది. దాన్ని వింటూ పట్టపగలే తట్టల పక్కన నిద్రపోయేవాణ్ణి. మెలకువగా ఉన్నంతసేపూ మాట్లాడేవాణ్ణి. మొదటి వారం మా మామ ఊఁ కొట్టాడు, రెండో వారం పాలు పోసే నెపంతో డెయిరీ దగ్గరే ఉండిపోసాగాడు. అల్లుడు వచ్చినప్పటి నుంచి రేడియో పెట్టే పని లేదని మా అత్త ఊరంతా చెప్పింది. మా ఆవిడ మాత్రం నా ఎదురుగా కూర్చుని, నేను రెండో ముద్ద నోటితో అడిగినప్పుడల్లా అడిగినదానికంటే పెద్దది పెట్టేది.

తిరిగి వచ్చేసరికి మనుషులను దించి ఎత్తే వేళల్లో గదిలో ఇద్దరు డ్రైవర్లను పెట్టారు. సగం ఒకరు, సగం ఒకరు. ఖాళీ అయినవాడు షాఫ్టు నోటి దగ్గరికి పోయి నిలబడవచ్చు. నేను రోజూ పోయి నిలబడేవాణ్ణి. దిగేవాళ్ళను ఒక్కొక్కరినీ పలకరించి, నోరు తీరా మాట్లాడి, వచ్చి కుర్చీలో కూర్చునేవాణ్ణి. కేజ్‌లో కుదిరిన ఆ పెళ్ళికి పోయి రెండు పూటలా తిన్నాను. గంట మాత్రం ఒక్కసారిగా పోలేదు. మొదటి వారం ఒకసారి వినబడింది. నిలిపి, ఫోనెత్తి, "మళ్ళీ అదే" అన్నాను. "సరేన్నా, నిదానంగా ఎత్తు" అన్నాడు బ్యాంక్స్‌మన్. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాను. ఇంకో రెండు వారాలకు మరోసారి. మళ్ళీ అలాగే నిలిపి, ఫోనులో చెప్పి, రాశాను. ఆ తర్వాత మామిడిపళ్ళు వచ్చాయి, వానలు వచ్చాయి, నేను ఆ సంగతి తలుచుకోవడం కూడా తగ్గింది.

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు ముగిసేవేళ గదిలో ఫోను మోగింది. కింద లెవెల్ నుంచి. అక్కడి నుంచి ఫోను రావడం అరుదు, ఏదో అయిందనుకుని గబుక్కున ఎత్తాను. మీసాలాయన గొంతు, వెనకాల కేజ్ కోసం నిలబడ్డవాళ్ళ గోల.

"ఏమప్పా, నువ్వు మమ్మల్ని నిలిపి రెండు నెలలాయె" అన్నాడు. "అందరూ అడగమంటాండారు. బాగుండావా?"

ఆయన అడిగేదాకా నాకు తెలియదు, గంట పోయిందని. "బాగుండానప్పా" అన్నాను. "ఎక్కండి, ఎత్తుతాను."